మ్యాపులో నీళ్లు లేవు

నవంబర్ 24, ఆదివారం

ఉదయం 6.10. బరువు 81. షుగరు 212. కోపం యథాప్రకారం.

నిర్ణయం తీసుకున్నాను. డిసెంబర్ 12 నుంచి నాలుగు రోజుల సైకిల్ యాత్ర. నేనూ వెళ్తున్నాను. నిజామాబాద్ నుంచి మాక్లూర్, నందిపేట, అక్కణ్ణించి శ్రీరాంసాగర్ నీటి అంచు వెంట డ్యామ్ ఉన్న పోచంపాడ్, ఆర్మూర్ మీదుగా మళ్లీ ఇల్లు. మొత్తం పన్నెండు మంది. నడిపేది సుష్మ. నా దగ్గర ఎనిమిదో తరగతి సోషల్ చదివింది, ఇప్పుడు ముసలివాళ్ల మోకాళ్లకు వ్యాయామం చేయిస్తుంది. వెనకాల ఒక ట్రాలీ ఆటో వస్తుందట. సామాన్లకూ, చేతకానివాళ్లకూ.

నాకు అరవై తొమ్మిది. ఆటో అవసరం లేదు.

కారణం రాసి పెట్టుకోవాలి. నిన్న పెన్షనర్ల భవనంలో భీమన్న మళ్లీ ఆ కథ చెప్పాడు. భీమన్న మా హైస్కూలు డ్రిల్లు సారు. మాక్లూర్‌లో పసుపు పండిస్తాడు. ముప్ఫై ఆరేళ్లుగా దాంతోపాటు ఈ ఒక్క కథ కూడా పండిస్తున్నాడు.

కథ ఇది. 1988 ఫిబ్రవరి. ముప్ఫై రెండు మంది పిల్లలతో, సైకిళ్ల మీద, పోచంపాడ్ డ్యామ్ చూడ్డానికి బయలుదేరాం. దారి చూపే బాధ్యత నాది. స్కూలు బీరువాలో దొరికిన సర్వే మ్యాపు నా చేతిలో ఉంది. అది డ్యామ్ కట్టకముందు అచ్చయింది. నందిపేట దాటాక ఎక్కడో మలుపు తప్పాం. వెనకబడ్డ నేను వెళ్లి చూసేసరికి పిల్లలందరూ సైకిళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. రోడ్డు నేరుగా నీళ్లలోకి దిగిపోయింది. నేను మ్యాపు చూశాను. నీళ్లు చూశాను. మళ్లీ మ్యాపు చూసి, 'మ్యాపులో నీళ్లు లేవు' అన్నాను.

అన్నాను. కాదనను. బోధన్ పక్క క్యాంపులో, కాలువ కింద పుట్టి పెరిగినవాణ్ణి. మా నాన్న గుంటూరు జిల్లా నుంచి వచ్చిందే కాలువ నీళ్ల కోసం. మాకు డ్యామ్ అంటే దాని ముందుండే కాలువలే తెలుసు. వెనక ఏముంటుందో మా వాళ్లు ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు.

సాయంత్రం హెడ్మాస్టరు చెరకు లారీ పంపాడు. గడల మీద కూర్చుని తిరిగొచ్చాం. ఆ హెడ్మాస్టరు ఇప్పుడు స్వర్గస్థుడు అంటారు. నా దగ్గర ఆధారాలు లేవు.

ఆ రోజు నుంచి నేను మ్యాపు సారు. ముప్ఫై రెండేళ్లు పాఠాలు చెప్పాను. ఇద్దరు తాసీల్దార్లు, ఒక జడ్జి నా శిష్యులు. అయినా గ్యాస్ బండ తెచ్చేవాడు 'మ్యాపు సార్ ఇల్లేది' అని వీధంతా అడుగుతూ వస్తాడు.

నిన్న ఉండబట్టలేక లేచి, ఈసారి ఆ దారంతా తొక్కి చూపిస్తానన్నాను. భీమన్న చాయ్ గ్లాసు కింద పెట్టి షరతు చెప్పాడు.

“ఆటో ఎక్కకుంట నాలుగు దినాలు తొక్కు సారూ. గీ కథ మళ్ల నా నోట్లకెల్లి వస్తే నన్నడుగు. ఎక్కినవనుకో, పదిహేడు తారీకు పెన్షనర్ల దినం నాడు మైకు పట్టుకొని కథ నువ్వే చెప్పాలె.”

హాలంతా చప్పట్లు. సంఘం అధ్యక్షుడు చక్రవర్తి అందరికన్నా ఎక్కువ కొట్టాడు. గుర్తు పెట్టుకున్నాను.

నియమాలు:
1. ఆటో ఎక్కను.
2. చక్కెర ముట్టను.
3. మ్యాపు తీసుకెళ్లను.
4. యాత్ర అయ్యేదాకా భీమన్నను ఒక్క మాట అనను. (డైరీలో రాయడం అనడం కిందికి రాదు.)

నవంబర్ 26, మంగళవారం

ఖలీల్‌వాడిలో సైకిలు కొన్నాను. ఇరవై ఒక్క గేర్లు. ఏ గేరు ఎప్పుడు వేయాలో దుకాణదారు అరగంట చెప్పాడు. మధ్యలో ఆపి, నేను సముద్రాలు దాటిన నావికుల ప్రయాణ చరిత్రలు పన్నెండు సంపుటాలు చదివానని చెప్పాను. వాళ్లకు గేర్లు లేవు కదా సార్ అన్నాడు.

సీటు విషయం. వెడల్పు నా అరచేయంత. దీన్ని తయారుచేసినవాడు ఎప్పుడూ కూర్చుని ఉండడు.

మా ఆవిడ రాధాకుమారి గుమ్మంలో నిలబడి సైకిల్ని పైనుంచి కిందికి చూసింది.

“ఇది తొక్కడానికి వెళ్తున్నారా, భీమన్నగారిని తొక్కడానికా?”

నలభై మూడేళ్ల కాపురం. ఆవిడకు నా సంగతి తెలియడం నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది.

డిసెంబర్ 1, ఆదివారం

5.30. మంకీ క్యాప్, మఫ్లర్, హెల్మెట్. మంకీ క్యాప్ మీద హెల్మెట్ పట్టలేదు. హెల్మెట్ హ్యాండిల్‌కు తగిలించాను.

బోధన్ రోడ్డు మీద తొమ్మిది కిలోమీటర్లు! ఒక్కసారే ఆగాను. (గేరు మార్చడానికి. అది మారలేదు.) చెరకు ట్రాక్టర్లు హారన్ కొడుతూ దాటి వెళ్లాయి. నేను పుట్టి పెరిగిన చెరకు, నన్నే రోడ్డు దిగమంటోంది.

7.20. మా చిన్నాన్న కొడుకు గోపీచంద్ బెల్లం గానుగ దగ్గర విశ్రాంతి. పెనం మీంచి అప్పుడే తీసిన బెల్లం చిన్న ముద్ద. రెండో ముద్ద కూడా చిన్నదే. బెల్లం చక్కెర కాదు. ఈ విషయంలో వైద్యశాస్త్రం నాతో ఏకీభవించదు కాని, వైద్యశాస్త్రం చాలాసార్లు తన అభిప్రాయం మార్చుకుంది.

తిరుగు ప్రయాణం గోపీచంద్ ట్రాక్టరు మీద. ట్రాక్టరు ఆటో కాదు.

డిసెంబర్ 8, ఆదివారం

ఈ వారం తొక్కినవి: సోమ 4 కి.మీ., మంగళ 2, బుధ వాన వస్తుందనిపించింది, గురు రాలేదు, శుక్ర మోకాలు, శని పత్రికకు లేఖ రాస్తూ ఉండిపోయాను. (సైకిల్ సీట్ల దుస్థితి మీద. ఇప్పటికి పత్రికలకు 114 లేఖలు పంపాను. మూడు అచ్చయ్యాయి. రెండింట్లో నా పేరు తప్పు.)

బలాన్ని యాత్ర కోసం దాచుకుంటున్నాను.

రాత్రి సంచి సర్దుకున్నాను. బీపీ మాత్రల కింద, తువ్వాలు మడతలో, పాత సర్వే మ్యాపు. రిటైరైన రోజు స్కూలు వాళ్లు బీరువా ఖాళీ చేస్తూ చెత్తలో వేయబోతే తెచ్చుకున్నాను. తీసుకెళ్లనని నియమం పెట్టుకున్న మాట నిజం. కాని తువ్వాలు తీసుకెళ్లనని ఎక్కడా రాయలేదు.

డిసెంబర్ 12, గురువారం. యాత్ర, మొదటి రోజు

6.00. కలెక్టరేట్ గ్రౌండ్ దగ్గర ప్రారంభం. చక్రవర్తి జెండా ఊపడానికి వచ్చి నలభై నిమిషాలు ఆరోగ్యం గురించి మాట్లాడాడు. నిలబడి నిలబడి నా మోకాలి నొప్పి అక్కడే మొదలైంది. దీనికి పూర్తి బాధ్యత అతనిదే.

6.45. భీమన్న వచ్చాడు. డెబ్భై ఏళ్లు. డైనమో ఉన్న నల్ల సైకిలు, తెల్ల కాన్వాస్ బూట్లు, మెడలో అదే ఈల. నా సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి, ఇరవై ఒక్క గేర్లు లెక్కపెట్టి, ఏమీ అనలేదు. ఆ అనకపోవడం నాకు అర్థమైంది.

ఆటో నడిపేది నరేందర్. 1988 యాత్రలో ఆ ముప్ఫై రెండు మందిలో ఒకడు. ఇప్పుడు అతనికీ యాభై దాటాయి. నన్ను చూడగానే, “మ్యాపు సార్, మంచిగున్నరా” అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అదే నా బాధ.

8.30. గాలి చల్లగా ఉంది. రెండు పక్కలా పసుపు చేలు. మనిషికి ఇంకేం కావాలి? ఏడు కిలోమీటర్లు!

9.10. మాక్లూర్ ముందు ఎత్తు. ఆటో పక్కగా వచ్చింది. దాని వెనక కమ్మీ ఎడమ చేత్తో పట్టుకున్నాను, ఒక కిలోమీటరు. పట్టుకోవడం ఎక్కడం కాదు. నా రెండు కాళ్లూ పెడళ్ల మీదే ఉన్నాయి. అవి తిరగకపోవడం వేరే విషయం.

బస భీమన్న ఇంట్లో. పన్నెండు మందికీ జొన్న రొట్టెలు, వంకాయ కూర. అతని భార్య రాధాబాయి చాయ్ తెచ్చింది. చక్కెర వద్దన్నాను. కలిపేసిందట. “చప్పటి చాయ్ ఇంటికొచ్చినోళ్లకు పోస్తరా అన్నా” అంది. ఆతిథ్యాన్ని తిరస్కరించడం సంస్కారం కాదు. రెండు కప్పులు.

ఒక విచిత్రం గమనించాను. ఇల్లు మామూలు సిమెంటు ఇల్లు. దానికి ఏనుగు పట్టేంత పాత టేకు ద్వారబంధం. గోడ కన్నా అదే ఎత్తు. పైన ఇటుకలు పేర్చి అతికించారు. అడిగితే రాధాబాయి చెప్పింది, పాత ఊళ్లో ఇల్లు విప్పినప్పుడు బండి మీద తెచ్చిందట. ఇంటికి కుదరని ద్వారబంధం. యజమాని కూడా అంతే.

(రాయడం అనడం కాదు.)

డిసెంబర్ 13, శుక్రవారం. రెండో రోజు

7.00. కూర్చోలేకపోతున్నాను. నిలబడి టిఫిన్ చేశాను.

7.40. సంచి ఆటోలో పెట్టాను. సామాన్ల కోసమే కదా ఆటో.

8.50. హెల్మెట్ ఆటోలో పెట్టాను.

9.30. సైకిల్ ఆటోలో పెట్టాను. నేను నడిచాను. నడక సైకిల్ తొక్కడం కన్నా కష్టం, కనుక దీన్ని ఓటమి అనడానికి వీల్లేదు.

10.15. ఆటో ఒక చింతచెట్టు కింద ఆగి ఉంది. బీపీ మాత్ర కోసం లోపలికి ఎక్కి సంచి దగ్గర కూర్చున్నాను. ఆగి ఉన్న ఆటో ఇల్లు లాంటిది. దాంట్లో కూర్చుంటే ఎక్కినట్లు కాదు.

10.20. ఆటో కదిలింది. నేను కదలలేదు.

10.20 నుంచి 10.55 వరకు జరిగినది వివరంగా రాయాలి. ముప్ఫై ఆరేళ్లలో నాకు దొరికిన మొదటి శుభవార్త.

ముందు సీటు అద్దంలోంచి నన్ను చూస్తూ నరేందర్ పాత యాత్ర గుర్తు చేసుకున్నాడు. నేను విసుక్కున్నాను. ఆ మలుపు సంగతి పిల్లలకు చెప్పడం నేను ఎలా మరిచిపోయానో ఇప్పటికీ తెలియదన్నాను. ఎడమ దారి నీళ్లలోకి, కుడి దారి పోచంపాడ్‌కు. ఎర్ర పెన్సిల్‌తో కుడి దారి గీసుకున్న గుర్తు కూడా ఉందన్నాను.

నరేందర్ ఆటో వేగం తగ్గించాడు.

“మీరేడ మర్చిపోయిండ్రు సార్? మీరు ఎనుక ఉంటిరి, టైరు పంక్చరైన పోరగాళ్ల కాడ. ముంగట డ్రిల్లు సారు, ఆయన ఎనుక నేను. రెండు తొవ్వలు వచ్చినయి. కుడిదిక్కు పోవాలె అని మీరు పొద్దుగాలనే మాకు చెప్పి ఉంటిరి. గాయినె ఈల ఊది ఎడమకు తిప్పిండు.”

“నువ్వు చూశావా?”

“నేను అడిగిన గూడ. మ్యాపు సార్ కుడి అన్నడు కదా సార్ అని. చెవు మెలివెట్టిండు.”

తలుపు కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. తప్పింది నేను కాదు! మలుపు తిప్పినవాడు భీమన్న. హెడ్మాస్టరు ముందు తప్పు నా మ్యాపు మీద పెట్టినవాడు భీమన్న. తర్వాత ముప్ఫై ఆరేళ్లు పెళ్లిళ్లలో, పదవీ విరమణల్లో, చివరికి ఆ హెడ్మాస్టరు సంతాప సభలో కూడా ఆ కథ చెప్పి నవ్వించినవాడు భీమన్న.

ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని నరేందర్‌ను అడిగాను. ఎవరూ అడగలేదు సార్ అన్నాడు. చరిత్ర అంతా ఇలాగే పోయింది.

సాయంత్రం 5.00. నందిపేట. కొత్త ఆలోచన. నేను గెలిస్తే భీమన్న నోరు మూసుకుంటాడు, అంతే. ఓడితే మైకు నాది. పదిహేడో తారీకు, రెండు వందల మంది పెన్షనర్లు, సాక్షిగా నరేందర్.

ఇకనుంచి ఆటో ఎక్కడం బలహీనత కాదు, వ్యూహం.

మోకాలు కూడా ఒప్పుకుంది.

డిసెంబర్ 14, శనివారం. మూడో రోజు

6.30. అందరూ చూస్తుండగా ఆటో ఎక్కాను. దగ్గాను కూడా. భీమన్న సైకిల్ చైన్‌కు నూనె వేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. సుష్మ పరుగెత్తుకొచ్చి, మోకాలా సార్ అని అడిగింది. మోకాలు కాదమ్మా, చరిత్ర అన్నాను. నా నాడి పట్టుకుని చూసింది.

7.30. నీటి అంచు. నిజం ఒప్పుకోవాలి, అందంగా ఉంది. అవతలి ఒడ్డు కనబడదు. పొగమంచులో జాలర్ల తెప్పలు. పిట్టలు. మైకులో చెప్పబోయే మొదటి వాక్యం తయారైంది: 'మిత్రులారా, ముప్ఫై ఆరేళ్లుగా మీరు ఒక దొంగ ఈలకు చప్పట్లు కొడుతున్నారు.'

8.40. ఆ మలుపు వచ్చింది.

సుష్మ అందరినీ కుడికి తీసుకెళ్లింది. భీమన్న ఆగాడు. ఈల ఊదలేదు. ఒక్కడే ఎడమకు తిరిగాడు.

నరేందర్‌కు చెప్పి ఆటో వెనక పోనిచ్చాను. చేతికి చిక్కినవాణ్ణి వదులుతానా?

అర కిలోమీటరు. రోడ్డు అలాగే ఉంది, అంచులు విరిగి, తుమ్మచెట్లు పెరిగి. తర్వాత అలాగే నీళ్లలోకి దిగింది. భీమన్న సైకిల్ ముందు చక్రం నీళ్లలో ఉంది. అతను రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇటు తిరగకుండానే అడిగాడు.

“మ్యాపు తెచ్చినవా సారూ?”

నేను తేలేదన్నాను. అతను అలాగే నిలబడ్డాడు. ఆ వీపు నాకు ఎందుకో నచ్చలేదు. సంచి విప్పి, తువ్వాలు విప్పి, మ్యాపు తీసి ఆటో అంచు మీద పరిచాను.

అతను కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాడట. నావి ఇచ్చాను. అవి అతనికి సరిపోలేదు. చివరికి నేనే పేర్లు చదవాల్సి వచ్చింది. నందిపేట నుంచి వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుతూ వచ్చాను. నాలుగో పేరు ఇప్పమడుగు. నల్ల చుక్కలు ఆరు, పక్కన బావి గుర్తు ఒకటి.

అతను నా వేలు పక్కకు జరిపి తన వేలు పెట్టాడు.

“గిది మా బాయి.”

ఇప్పమడుగు భీమన్న ఊరట. డ్యామ్ నీళ్లు వస్తున్నాయని, ఇరవై ఏళ్ల వయసులో ఇల్లు విప్పి, ద్వారబంధం బండికెత్తుకుని వచ్చిన ఊరు. ముప్ఫై రెండేళ్ల ఉద్యోగంలో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. నేను సోషల్ టీచర్ని. మీదే ఊరని ఒక్కసారీ అడగలేదు. మాక్లూర్ అనుకున్నాను.

మిగతాది తనే చెప్పాడు.

“గా దినం తొవ్వ తిప్పింది నేనే సారూ. నీళ్లు దిగి ఉంటయి, ఊరు తేలి ఉంటది, పోరగాళ్లకు మా ఇల్లు సూపెడ్దామనుకున్న. తేలలే. హెడ్మాస్టరు గుర్రుమంటే నోటికి నీ మ్యాపే వచ్చింది.”

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. సరే, ఆ రోజు భయపడ్డావు, మరి ముప్ఫై ఆరేళ్లు ఊరూరా ఎందుకు చెప్పావని అడిగాను.

అతను మ్యాపు మీంచి వేలు తీయలేదు.

“నువ్వన్న మాటకు సారూ. అందరు నీళ్లు ఉన్నయనే అంటరు. లెవ్వు అన్నోనివి నువ్వొక్కనివే.”

నరేందర్ ఆటో దిగి అవతలికి వెళ్లి నిలబడ్డాడు.

భీమన్న చక్రం నీళ్లలోంచి లాగి, బురద తుడిచి, సైకిల్ తిప్పుకున్నాడు. “ఆటో సంగతి నేను సూడలే. కథ గూడ ఇయ్యాల్టికెల్లి బంద్” అని చెప్పి వెళ్లిపోయాడు.

రాత్రి 8.00. పోచంపాడ్. దారిలో ఒకామె బండి దగ్గర వేయించిన చేపలు తిన్నాం. రుచి తెలియలేదు. నేను మోసపోయాను. ముప్ఫై ఆరేళ్లకు ఒక నేరం పట్టుకుంటే, మైకు దాకా వెళ్లకముందే వాడు ఒప్పేసుకున్నాడు. ఒప్పుకున్నవాణ్ణి పట్టుకుని ఏం దులపాలి? పైగా క్షమించడం కూడా వాడే చేశాడు. ఆటో ఎక్కింది చూడలేదట! నేను అంత కష్టపడి, దగ్గి మరీ ఎక్కితే!

డిసెంబర్ 15, ఆదివారం. నాలుగో రోజు

6.00. ఈ రోజు ఆటో ఎక్కను. భీమన్న దయ మీద గెలిచినట్లు ఉండకూడదు. పరువుగా తొక్కి గెలుస్తాను.

6.50. పరువు రెండు కిలోమీటర్లు వచ్చింది.

12.30. అంకాపూర్. నాటుకోడి కూర, అన్నం. కాల్చిన మక్క కంకి. రెండు. కంకి అమ్మేవాళ్లు చక్కెర వేయరు, మక్కల్లో ఉన్న తీపికి నేను బాధ్యుణ్ణి కాను. తర్వాత చాయ్. దాంట్లో వేశారు.

1.45. తిన్నాక సైకిల్ ఎక్కడం ఆరోగ్యానికి మంచిది కాదని సుష్మను అడిగి చెప్పించుకున్నాను. ఆటో ఎక్కాను. సైకిళ్ల మధ్య చోటు చేసుకుని కూర్చున్నాను.

1.50. భీమన్న తన నల్ల సైకిల్ ఎత్తి ఆటోలో పెట్టాడు. తర్వాత తనూ ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. నేను చూసీ చూడనట్టున్నాను. అయినా సంజాయిషీ ఇచ్చాడు.

“ఎక్కలే సారూ. సైకిల్ పడకుంట పట్టుకోనీకి కూసున్న.”

తెలివైనవాడే. ఈ నాలుగు రోజులు నేను కనిపెట్టిన వాటన్నిటికన్నా మంచి సాకు.

సైకిళ్ల మీద కాళ్లు చాపుకుని, ఎదురుగాలికి కళ్లు మూసుకుని, నిజామాబాద్ దాకా వచ్చాం. 1988లో లారీలో కూడా ఇలాగే వచ్చాం. ఈసారి కింద చెరకు లేదు, పెడళ్లు ఉన్నాయి. చెరకే నయం.

డిసెంబర్ 17, మంగళవారం. పెన్షనర్ల దినం

ఉదయం 9.00. వెళ్లకపోయినా అడిగేవాళ్లు లేరు. ఆటో సంగతి భీమన్న చెప్పడు. నరేందర్ చెప్పడు. మిగతావాళ్లు చెప్పరు, ఏదో ఒక ఎత్తు దగ్గర వాళ్లూ ఆటో ఎక్కినవాళ్లే. సుష్మ రోగుల విషయాలు బయట పెట్టదట. నేను గెలిచినట్లే. మ్యాపు సారు కథ ముగిసినట్లే. రాధాకుమారికి ఈ మాట చెప్పాను.

“మరి మొహం అలా పెట్టుకున్నారేం?” అంది.

భీమన్న విసిరిన గెలుపు ఏరుకుని జేబులో వేసుకోవడమా? అంతకన్నా ఓడిపోవడం మర్యాద. చొక్కా ఇస్త్రీ చేయమన్నాను. మ్యాపు నేనే మడత పెట్టుకున్నాను.

రాత్రి 7.30. జరిగింది రాస్తున్నాను.

చక్రవర్తి ప్రసంగం మధ్యలో మైకు తీసుకున్నాను. లాక్కున్నానని కొందరంటారు. ఆటో ఎక్కానని చెప్పాను. పట్టుకున్నది, ఆగి ఉండగా కూర్చున్నది, వ్యూహంగా ఎక్కినది, తిని ఎక్కినది, అన్నీ విడివిడిగా చెప్పాను. తర్వాత కథ మొదలుపెట్టాను.

ఆ కథను భీమన్న ఇన్నేళ్లు పాడు చేశాడు. పంక్చర్లు మూడు, అతను రెండే చెబుతాడు. లారీ ఎక్కేటప్పుడు నా పంచె చెరకు గడకు పట్టుకుని చిరిగింది, అది అతనికి తెలియనే తెలియదు. ఇరవై రెండు నిమిషాలు చెప్పాను. చక్రవర్తి కూడా నవ్వాడు, అతని మీద నేను వేసిన జోకుకు తప్ప.

మలుపు దగ్గరికి వచ్చాను. ఆగాను. మూడో వరసలో భీమన్న తల వంచుకుని ఈల తాడు వేలికి చుట్టుకుంటున్నాడు. తలుపు దగ్గర నరేందర్ నావైపే చూస్తున్నాడు. తయారు చేసుకున్న వాక్యం నాలుక చివర ఉంది. నా జీవితంలో అంత మంచి వాక్యం నేను రాయలేదు.

'ఎడమకు తిప్పింది నేనే' అన్నాను.

ఆ ఒక్కటి కూడా భీమన్నకు మిగల్చలేదు.

తర్వాత మ్యాపు విప్పి రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. నందిపేట తర్వాత ఉన్న పేర్లు ఒక్కొక్కటే మైకులో చదివాను. ఇప్పమడుగు, ఆరు ఇళ్ల గుర్తులు, ఒక బావి. చదివి, “మ్యాపులో నీళ్లు లేవు” అన్నాను.

ఎప్పుడూ అక్కడే పెద్దగా నవ్వేవాళ్లు. ఈసారి ఎవరూ నవ్వలేదు. హాల్లో సగం మంది ఆ మునిగిన ఊళ్ల వాళ్లే అయి ఉంటారు. నేను ఎప్పుడూ అడగలేదు.

మూడో వరసలోంచి ఈల మోగింది. గట్టిగా, ఒక్కటే. డ్రిల్లు పీరియడ్ అయిపోయినప్పుడు ఊదేది. అప్పుడు అందరూ నవ్వారు.

బయట చెప్పులు వెతుక్కుంటుంటే భీమన్న పక్కకు వచ్చాడు. “నా కథ ఎత్కపోయినవ్ సారూ” అన్నాడు. అవునన్నాను. ఇకమీదట నేను ఏం చెప్పుకోవాలె అని అడిగాడు. ఆలోచించి చెబుతానన్నాను.

డిసెంబర్ 18, బుధవారం

6.10. బరువు 83. షుగరు చూసుకోలేదు. దానికీ కొంచెం విశ్రాంతి కావాలి.

కొత్త నిర్ణయం. మే నెలలో నీళ్లు బాగా దిగుతాయట. కొన్ని వేసవుల్లో ఇప్పమడుగు బావి గోడ దాకా బయటపడుతుందని భీమన్న పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు. ఆ ఎడమ దారిన, సైకిళ్ల మీద, ఇద్దరం. నరేందర్ ఆటో వెనకాల వస్తుంది. సామాన్లకు.

నియమాలు:
1. ఆటో ఎక్కను. (పట్టుకోవడం, ఆగి ఉండగా కూర్చోవడం కూడా ఎక్కడమే. సైకిల్ పడకుండా పట్టుకోవడం పరిశీలనలో ఉంది.)
2. చక్కెర ముట్టను. బెల్లం, మక్కలు కూడా. రాధాబాయి చాయ్ మినహాయింపు.
3. మ్యాపు తీసుకెళ్తాను.
4. భీమన్నను ఒక్క మాట అనను. (ఇది మే నెల నుంచి అమలు.)

ప్రాక్టీసు ఈ రోజే మొదలుపెట్టాలి. కాని మంచు ఎక్కువగా ఉంది. రేపు.

9.20. వీధిలో గ్యాస్ బండ వచ్చింది. మ్యాపు సార్ ఇల్లేదని ఎదురింటి వాళ్లను అడుగుతున్నాడు. గుమ్మంలోకి వెళ్లి, ఇదే అని కేకేశాను.